డిమెన్షియా: తల్లిదండ్రుల మతి క్షీణత, ఇంటి సంరక్షణ

డిమెన్షియా ఒక్క జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, మాట, లెక్క, దారి గుర్తు, మంచిచెడుల అంచనా ఒక్కొక్కటిగా సడలుతూ, చివరికి మనిషి తన రోజువారీ పనులు తాను చేసుకోలేని స్థితికి చేరే లక్షణాల సముదాయం. వయసుతో పాటు వచ్చే మామూలు మరుపు వేరు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తులేకపోవడం మరుపు. కళ్లజోడు చేతిలో పట్టుకుని ఇదెందుకని అడగడం జబ్బు.

భారతదేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. పురుషుల కంటే స్త్రీలలోనూ, పట్టణాల కంటే పల్లెల్లోనూ ఎక్కువ. 2010లో ఇదే అంచనా 37 లక్షలు. లెక్కగట్టే పద్ధతి మారడం వల్ల పెరిగింది కొంత, జనం ఆయుర్దాయం పెరగడం వల్ల మరికొంత. వీరిలో అత్యధికులు ఆసుపత్రుల్లోనో ఆశ్రమాల్లోనో కాక కొడుకు ఇంట్లోనో కూతురి ఇంట్లోనో జీవితం చాలిస్తారు. వైద్యానికి సరిహద్దులున్న జబ్బు కాబట్టి దీని చరిత్రలో ఎక్కువ భాగం ఇంటి చరిత్రే.

మెదడులో ఏం జరుగుతుంది

1901లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయానికి 51 ఏళ్ల ఆగస్టె డేటర్ అనే స్త్రీని ఆమె భర్త తీసుకొచ్చాడు. మొదట కనిపించిన లక్షణం మరుపు కాదు, భర్త మీద అకారణమైన అనుమానం. ఆ తర్వాతే జ్ఞాపకం, మాట దెబ్బతిన్నాయి. 1906లో ఆమె చనిపోయాక అలోయిస్ అల్జైమర్ అనే వైద్యుడు మెదడును సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, కణాల మధ్య పేరుకున్న మచ్చలనూ కణాల లోపలి చిక్కుముడి పోగులనూ వర్ణించాడు. 1910లో మానసిక వైద్యుడు ఎమిల్ క్రేపలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకు అల్జైమర్ పేరు పెట్టాడు.

డిమెన్షియా కేసుల్లో 60 నుంచి 70 శాతం అల్జైమర్ రకానివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రక్తనాళాలు పూడి, చిన్నచిన్న పక్షవాతపు దెబ్బలు తగలడం వల్ల వచ్చేది రెండో రకం. బీపీ, షుగర్ అదుపులో లేని మన ప్రాంతంలో దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అల్జైమర్ నున్నటి వాలులా దిగితే, ఇది మెట్లు దిగినట్టు ఉంటుంది: కొన్ని నెలలు నిలకడ, ఉన్నట్టుండి ఒక మెట్టు కిందికి. లేనివి కనిపించడం, నడక బిగుసుకుపోవడం ముందుగా వచ్చేది లూయీ బాడీ రకం. ప్రవర్తన ముందు చెడి జ్ఞాపకం కొంతకాలం నిలిచే ఫ్రంటోటెంపొరల్ రకం తరచూ అరవైకి ముందే వస్తుంది. ఆ మనిషిని ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి తిక్క మనిషనుకుంటారు.

సంరక్షణకు అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఒకటుంది. జ్ఞాపకాలన్నీ ఒకేసారి పోవు. అల్జైమర్‌లో ముందుగా పోయేది నిన్నటి, ఇవాళ్టి సంగతి. చిన్ననాటివి చాలాకాలం నిలుస్తాయి. చేతికి అలవాటైన పనులు, నోటికి వచ్చిన పాటలు, స్తోత్రాలు ఇంకా ఆలస్యంగా పోతాయి. మనవడి పేరు తెలియని నాయనమ్మ విష్ణు సహస్రనామం మధ్యలో ఆగకుండా చదువుతుంది. పొద్దున టిఫిన్ తిన్నది గుర్తులేని తాత తలపాగా చుట్టుకోవడం మరచిపోడు. ఇది చూసి, పెద్దలు నాటకమాడుతున్నారని బంధువులు అనుమానించడమూ ఉంది. ఆ రెండు రకాల జ్ఞాపకాలు మెదడులో వేరువేరు చోట్ల ఉంటాయి, అంతే.

ఇల్లు దాచిపెట్టే జబ్బు

తెలుగు కుటుంబాల్లో ఈ జబ్బు ఆలస్యంగా బయటపడటానికి ముఖ్య కారణం కుటుంబమే. ఇల్లంతా కలిసి పెద్దాయన బదులు గుర్తుపెట్టుకుంటుంది. మందుల వేళ భార్య చెబుతుంది, బ్యాంకు పని కొడుకు చూస్తాడు, వచ్చిన చుట్టం పేరు కోడలు అందిస్తుంది. వంట, బజారు, బిల్లులు ఏవీ తన చేతి మీద లేని మనిషిలో ఏ శక్తి తగ్గిందో తెలిసే అవకాశమే ఉండదు. ఒంటరిగా బతికే మనిషికి ఆరు నెలల్లో తెలిసిపోయే లోపం ఉమ్మడి ఇంట్లో మూడేళ్లు దాక్కుంటుంది. తాతయ్య పోయిన దిగులుతో మామ్మకు మతి తప్పిందని అంటుంటారు. చాలా ఇళ్లలో మతి అంతకుముందు నుంచే తప్పుతూ ఉంది, తాతయ్య కప్పుకొచ్చారు.

ఫోను మరో ముసుగు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కొడుకు వారానికోసారి వీడియోలో మాట్లాడితే అమ్మ చక్కగానే కనిపిస్తుంది. తిన్నావా, పిల్లలెలా ఉన్నారు, అక్కడ చలా అని అడగడం దశాబ్దాల అలవాటు. పది నిమిషాల పలకరింపును ఆ అలవాటే నడిపిస్తుంది. ఊళ్లో ఉండి రోజంతా చూసే చెల్లెలు అమ్మ తేడాగా ఉందంటే, "నాతో బాగానే మాట్లాడిందే" అని అన్న కొట్టిపారేస్తాడు. తోబుట్టువుల మధ్య మొదటి పగులు చాలాసార్లు ఇక్కడే. నిజానికి ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

తొలి గుర్తులు పని మీద కనిపిస్తాయి. యాభై ఏళ్లుగా కళ్లు మూసుకుని పెట్టే పప్పుచారులో ఉప్పు రెండుసార్లు పడుతుంది, లేదా అసలు పడదు. పోపు మాడుతుంది. ఏటీఎం దగ్గర నంబరు కాదు, కార్డుతో ఏం చేయాలన్నదే అయోమయమవుతుంది. తెలిసిన వీధిలో దారి తప్పుతుంది. పేకాటలో ఎప్పుడూ గెలిచే నాన్న వంతు ఎవరిదని అడుగుతాడు. అడిగిన ప్రశ్నే పావుగంటలో మళ్లీ అడగడం అందరికీ తెలిసిన లక్షణమే. నలుగురిలోకి వెళ్లడం తగ్గించడం అంతగా తెలియనిది. పెళ్లికి రానని మొండికేసే తల్లికి కోపం కాదు, పేర్లు గుర్తురావన్న భయం ఉండవచ్చు.

పరువు కూడా అడ్డం పడుతుంది. అన్నం తిని చేయి కడుక్కున్న అరగంటకు అత్తగారు పక్కింటికి వెళ్లి, పొద్దుట్నుంచీ తిండి పెట్టలేదని చెబుతుంది. ఊరు కోడలి వైపు చూస్తుంది. అమెరికన్ పరిశోధకుడు లారెన్స్ కోహెన్ 1980లలో వారణాసిలో వృద్ధాప్యం మీద క్షేత్రపరిశోధన చేసి, పెద్దల మతి చెడటాన్ని అక్కడి జనం పిల్లల సేవాలోపంగా, పాడైన కుటుంబానికి గుర్తుగా చూస్తారని 1998 నాటి తన గ్రంథంలో చూపాడు. గోదావరి ఒడ్డునా పెద్ద తేడా లేదు. బయటికి చెబితే తప్పు తమ మీదికి వస్తుందనుకున్న ఇల్లు వైద్యుడి దగ్గరికి ఆలస్యంగానే వెళ్తుంది.

నిర్ధారణ

మొదటి పని డిమెన్షియాలా కనిపించే ఇతర కారణాలను ఏరివేయడం. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, రక్తంలో సోడియం తగ్గడం, తల లోపల మెల్లగా చేరిన రక్తం, మెదడులో నీరు, దిగులు జబ్బు, నిద్రమాత్రలు, మత్తునిచ్చే జలుబు మందులు మతిని మసకబారుస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. చెవుడు కూడా మతి తప్పినట్టే కనిపిస్తుంది. రెండు రోజుల్లో ఉన్నట్టుండి అయోమయం వస్తే అది డిమెన్షియా కాదు, డెలీరియం. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా వేసిన మందు వంటి కారణాన్ని ఆ రోజే వెతకాలి. డిమెన్షియా ఉన్నవారికీ పైనుంచి డెలీరియం రావచ్చు. జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు ఊరుకోవడమే ప్రమాదం.

రక్తపరీక్షలు, స్కానింగుతో పాటు, కొన్నిసార్లు వాటికంటే ఎక్కువగా, దగ్గరుండి చూసేవాళ్లు చెప్పే చరిత్ర ముఖ్యం. ఏ పని ఎప్పుడు మానేశారో తేదీలతో రాసుకుని వెళ్లినవాళ్లు వైద్యుడికి సగం పని తగ్గిస్తారు. 1975లో అమెరికాలో రూపొందిన ముప్పై మార్కుల జ్ఞాపక పరీక్ష ప్రపంచమంతా వాడుకలో ఉంది గానీ, చదవడం, రాయడం, తేదీ చెప్పడం మీద ఆధారపడటంతో బడికి వెళ్లని మనిషిని అన్యాయంగా రోగిని చేస్తుంది. ఉత్తర భారత పల్లెల కోసం హిందీలో మార్పులు చేసిన రూపం 1990లలో వచ్చింది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల సంపుటి తెలుగుతో సహా ఐదు భాషల్లో ఉంది.

హైదరాబాదు నిమ్స్‌లోని మెమరీ క్లినిక్ ఈ రంగంలో తెలుగు నేలకు ప్రపంచ గుర్తింపు తెచ్చింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం అక్కడి 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక ఫలితం ప్రకటించింది: రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా లక్షణాలు ఒకే భాష మాట్లాడేవారి కంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. నిరక్షరాస్యుల్లోనూ ఇదే తేడా కనిపించడం విశేషం. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు ఒకే వీధిలో కలిసే నగరం కాబట్టే చదువు ప్రభావాన్నీ భాష ప్రభావాన్నీ విడదీసి చూడటం అక్కడ సాధ్యమైంది.

రోజు గడపడం

"ఇప్పుడేగా చెప్పాను" అన్న మాట ఈ ఇళ్లలో ఎక్కువగా వినిపిస్తుంది, దానికంటే పనికిరాని మాట లేదు. చెప్పినది నిలవడం లేదన్నదే జబ్బు. సరిదిద్దితే విషయం గుర్తుండదు, అవమానం మాత్రం ఉండిపోతుంది. ఎవరు తిట్టారో తెలియకపోయినా సాయంత్రం దాకా మనసు ముడుచుకునే ఉంటుంది. బ్రిటిష్ మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్ 1997 నాటి పుస్తకంలో గట్టిగా వాదించినది ఇదే: మెదడు చెడటం వల్ల కలిగే నష్టానికి తోడు, చుట్టూ ఉన్నవారు మనిషిని మనిషిగా చూడటం మానేయడం వల్ల మరో నష్టం కలుగుతుంది, రెండోది మన చేతిలో ఉంది.

ఎనభై ఏళ్ల తల్లి "మా అమ్మ ఏదిరా?" అని అడుగుతుంది. చనిపోయి నలభై ఏళ్లయిందని చెబితే ఆమెకు అది కొత్త చావు, కొత్త ఏడుపు. రేపు అడిగితే మళ్లీ మొదటినుంచి. "అమ్మమ్మ గుర్తొచ్చిందా? ఆవిడ చేసే అరిసెలు ఎలా ఉండేవమ్మా?" అని మాటను జ్ఞాపకంలోకి మళ్లించడం మేలని అనుభవం ఉన్న సంరక్షకులు చెబుతారు. ఇది అబద్ధమా అన్న చర్చ నిపుణుల్లో తెగలేదు. నిజం చెప్పి తీరాలన్న నియమం, ఇవాళ పదోసారి ఏడుస్తున్న మనిషి ముందు నిలవడం కష్టం.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చాలామందిలో కలవరం పెరుగుతుంది. తన ఇంట్లో కూర్చునే "మా ఇంటికి వెళ్తాను" అని సంచి సర్దుతారు. రిటైరైన మాస్టారు బడికి బయల్దేరతారు, పొలం అమ్మేసి ఇరవై ఏళ్లయిన రైతు నీళ్లు పెట్టాలని లేస్తాడు. వాదించకుండా చెప్పులు వేసుకుని వీధి చివరి దాకా తోడు వెళ్లి కబుర్లతో తిరిగి రావడం అందరికీ తెలిసిన ఉపాయం. గదిలో ముందుగానే లైట్లు వేయడం, మధ్యాహ్నం నిద్ర తగ్గించడం, ఆ వేళకు చేతికేదో పని ఇవ్వడం కొంత పనిచేస్తాయి. చిక్కుళ్లు ఒలవడం, పూలు కట్టడం, బట్టలు మడత పెట్టడం చేతులకు ఇంకా వచ్చు. మడత వంకరగా వచ్చిందని ఎదురుగానే విప్పి మళ్లీ వేసే కోడలు తెలియక ఆ పనిని చంపేస్తుంది.

అనుమానం అన్నిటికంటే నొప్పించే లక్షణం. నగ బియ్యం డబ్బాలో తానే దాచి, మరచి, దొంగిలించారని అంటారు. ఆ నింద అపరిచితుల మీద పడదు. ఎక్కువ సేవ చేసేవాళ్ల మీదే, పనిమనిషి మీదా కోడలి మీదా పడుతుంది. విలువైనవి ముందే భద్రపరచి, దాచే చోట్లు గుర్తుపెట్టుకుని, కలిసి వెతకడం తప్ప వాదనతో తేలేది కాదు.

స్నానానికి గొడవ పడటం వెనక నీళ్ల భయమో, చలో, బిడ్డల ముందు బట్టలు విప్పే సిగ్గో ఉంటాయి. నాన్నకు కూతురు, అత్తకు అల్లుడు స్నానం చేయించాల్సి వస్తే ఆ సిగ్గు ఇద్దరిదీ. నెత్తి మీద చెంబుతో పోయకుండా కాళ్ల నుంచి మొదలుపెట్టడం, తువ్వాలు కప్పి ఉంచడం దాన్ని తగ్గిస్తాయి.

ఇంట్లో మార్పులు పెద్ద ఖర్చు కావు: బాత్‌రూమ్ తలుపుకు లోపలి గడియ తీసేయడం, గ్యాస్ సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయడం, జారని చాపలు, రాత్రి దీపం, జేబులో ఫోన్ నంబరున్న చీటీ. పల్లెల్లో బావి, చెరువు, మేడ మెట్లు గుర్తుంచుకోవాలి. ఉపవాసాలకు అలవాటైనవారు షుగర్ మాత్ర వేసుకుని తినకుండా ఉండే రోజులూ అపాయమే.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాల్సినది వంతుల పద్ధతి. ఆస్తి పంచుకున్న కొడుకులు తల్లిని రెండు నెలలకొకరు చొప్పున ఉంచుకోవడం న్యాయమైన ఏర్పాటుగానే పుట్టింది. మతి క్షీణించిన మనిషికి మాత్రం అది శిక్ష. మంచం పక్కన గోడ ఎటువైపుందో, బాత్‌రూమ్ ఎటో శరీరానికి అలవాటయ్యేలోపు ఇల్లు మారుతుంది. ప్రతి మార్పు తర్వాత కొన్ని వారాలు కలవరం, పడిపోవడం, పక్క తడపడం. అమెరికాకు ఆరు నెలలు తీసుకెళ్లి తేవడమూ ఈ కోవలోదే. తల్లిని ఒకచోటే ఉంచి, కొడుకులే వంతులుగా డబ్బో సమయమో పెట్టడం మంచి పంపకం.

భారం ఎవరిది

అందరి తల్లీ ఒక్కరి పని అవుతుంది. ఆ ఒక్కరు దాదాపు ఎప్పుడూ స్త్రీ: భార్య, కోడలు, పెళ్లికాని కూతురు. నిద్రలేని రాత్రులు, నడుంనొప్పి, మానేసిన ఉద్యోగం, రాని చుట్టాలు. ఈ భారాన్ని కొలిచే ప్రశ్నావళిని స్టీవెన్ జరిట్ అనే పరిశోధకుడు 1980లో తయారుచేశాడు. మనిషి ఎదురుగా ఉండగానే ఆ మనిషిని పోగొట్టుకుంటున్న ఈ దుఃఖం గురించి పాలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు విస్తారంగా రాసింది. కర్మ చేసే దినం, పరామర్శకు వచ్చే జనం లేని దుఃఖం కాబట్టి దానికి ఊరడింపు దొరకదు.

సంరక్షకులకు అండ దొరికితే ఫలితం కొలవదగ్గదే. న్యూయార్క్‌లో భార్యాభర్తలైన సంరక్షకులకు కౌన్సెలింగ్, తోడు బృందాలు ఏర్పాటు చేసిన అధ్యయనంలో, రోగిని నర్సింగ్ హోంకు పంపాల్సిన రోజు దాదాపు ఏడాదిన్నర వెనక్కి జరిగింది. ఇది 2006 ఫలితం. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ గోవా. నిపుణులు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపితే సంరక్షకుల మానసిక స్థితి మెరుగుపడిందని 2008లో అక్కడి ప్రయోగం చూపింది. ఆశా కార్యకర్త గడప గడపకూ తిరిగే రాష్ట్రాల్లో ఈ పాఠం ఇంకా అమలు కాకపోవడం విచారకరం. 1992లో కేరళలో మొదలైన భారత అల్జైమర్ సంఘానికి హైదరాబాదులోనూ శాఖ ఉంది. వృద్ధుల సహాయానికి 14567, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416 నంబర్లు పనిచేస్తాయి. నగరాల్లో ఏజెన్సీలు పంపే అటెండెంట్లు దొరుకుతారు గానీ, పదిహేను రోజులకొకరు మారితే వంతుల ఇంటి కష్టమే మళ్లీ మొదలు.

సంతకం, ఆస్తి, చట్టం

జబ్బు తొలిదశలో ఉండగానే చేయాల్సిన పనులు ఇక్కడ ఎక్కువ. చాలా కుటుంబాలు పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే చాలనుకుంటాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం ముగుస్తుంది. అంటే అవసరమైన రోజుకే అది చెల్లదు. బ్యాంకులో వేలిముద్ర తీసుకునే వెసులుబాటు చేతి వణుకుకే గాని మతి లోపానికి పరిష్కారం కాదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి వాటికి సంరక్షకుడిని నియమిస్తుంది, డిమెన్షియా దాని పరిధిలో లేదు. అందుకే కుటుంబాలు హైకోర్టులను ఆశ్రయిస్తున్నాయి. కేంద్ర మాజీ మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్ అల్జైమర్‌తో ఉండగా ఆయన్ను ఎవరు చూసుకోవాలన్న వివాదం 2010లో ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది. ఉమ్మడి ఖాతాలు, నామినీలు, వీలునామా తెలివి ఉన్నప్పుడే పూర్తి కావాలి. వీలునామా రాసే రోజున మనసు నిలకడగా ఉందని వైద్యుడి ధ్రువపత్రం జతచేస్తే తర్వాతి తగాదాలు తగ్గుతాయి.

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద పోషణ కోరుతూ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఆస్తిని షరతు తప్పితే రద్దు చేసే వీలు దాని 23వ సెక్షన్‌లో ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తన వైద్య నిర్ణయాలకు ప్రతినిధిని ముందే పేర్కొనే హక్కు ఇచ్చింది. వాడుకున్నవారు అరుదు.

మందులు

డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ కొందరిలో లక్షణాలను కొంతకాలం నిలబెడతాయి, జబ్బును ఆపవు. 2023లో లెకానెమాబ్, 2024లో డొనానెమాబ్ అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి తొలిదశ అల్జైమర్‌ను కొద్దిగా నెమ్మదింపజేస్తాయి, మెదడులో వాపు, రక్తస్రావం ప్రమాదం ఉంది. రాత్రి అరుపులు తట్టుకోలేక అడిగి వేయించే మత్తు మందుల్లో యాంటీసైకోటిక్స్ ఈ రోగుల్లో మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరించింది. తప్పనప్పుడు తక్కువ మోతాదులో, తక్కువ కాలం వాడాలి. నివారణ సంగతికొస్తే, చెవుడు, బీపీ, షుగర్, పొగతాగడం, ఒంటరితనం, తక్కువ చదువు వంటి పద్నాలుగు అంశాలను సరిచేయగలిగితే సుమారు 45 శాతం కేసులను తప్పించడమో వాయిదా వేయడమో సాధ్యమని లాన్సెట్ కమిషన్ 2024లో లెక్కగట్టింది.

చివరి దశ

నిర్ధారణ తర్వాత సగటున నాలుగు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతారు, కొందరు ఇరవై ఏళ్ల వరకూ. చివరి దశలో మాట పోతుంది, నడక పోతుంది, మింగడం కష్టమవుతుంది. మెతుకు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వచ్చే న్యుమోనియా తరచూ మరణ కారణం. ముక్కు నుంచి గొట్టం వేస్తే ఎక్కువ కాలం బతుకుతారనడానికి ఆధారాలు లేవు. నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా కలిపి, కొంచెం కొంచెంగా చేత్తో తినిపించడమే మేలని వృద్ధవైద్య సంఘాలు సిఫారసు చేస్తాయి. అన్నం మానేసిన తల్లికి గొట్టం వద్దనడం ఏ కొడుక్కైనా గొంతు దాటని మాట. అందుకే ఆ మాట తల్లి నోటే ముందుగా రావడం మంచిది. కోలుకోలేని స్థితిలో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని తేలిక చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోగాని గెజిటెడ్ అధికారితోగాని ధ్రువీకరింపజేస్తే చాలు. సంతకం చేసే నాటికి మనిషికి స్థిమితమైన మనసు ఉండాలన్న షరతు మాత్రం దీనికీ ఉంది.